అంజనం అద్దెకు ఇవ్వబడును

2018 అక్టోబరులో షాంఘైలో మన దేశం పేరు ఒక వర్డ్ ఫైలు పుణ్యాన ఖండాంతరాలకు పాకింది. కౌంటర్-స్ట్రైక్ అనే కంప్యూటర్ తుపాకులాటలో ఆసియా దేశాల పోటీ అది. భారత్ నుంచి వెళ్లిన ఆప్టిక్ ఇండియా జట్టు వియత్నాం జట్టుతో తలపడుతోంది. తుపాకుల మోత, బాంబుల పొగ, హెడ్‌ఫోన్లలో కేకలు. ఇంత హోరులోనూ మనవాళ్లలో ఒకడి కంప్యూటర్లో వర్డ్ నడుస్తోంది. ఆటలో ఆ కుర్రాడి పేరు ఫర్సేకెన్. అతని గురి మీద నిర్వాహకులకు అనుమానం వచ్చింది. ఆట ఆపించి, కుర్చీ పక్కకు జరగమన్నారు. మనవాడు అంత తేలిగ్గా జరగలేదు. తీరా చూస్తే ఫైలు పేరు 'వర్డ్ డాట్ ఈఎక్స్‌ఈ'. అందులో సెలవు చీటీ లేదు, రాజీనామా లేఖ లేదు. ఎదుటివాడి నెత్తి ఎక్కడుంటే అక్కడికి తుపాకీని దానంతటదే ఈడ్చుకెళ్లే ఎయిమ్‌బాట్ ఉంది.

జట్టును పోటీ నుంచి సాగనంపారు. ఆ తర్వాత జట్టే లేకుండా పోయింది. ఈ-స్పోర్ట్స్‌లో నిజాయతీని చూసుకునే కమిషన్ ఆ కుర్రాడికి అయిదేళ్ల నిషేధం వేసింది. ఇలాంటి పనికే అంతకుముందు ఒక నిషేధం చవిచూసి వచ్చినవాడే కాబట్టి అతనికి ఇదేమీ కొత్త కాదు. నాకు బాధ కలిగించింది వేరే సంగతి. అసలు సిసలు మైక్రోసాఫ్ట్ వర్డ్ ఫైలు పేరు 'విన్‌వర్డ్ డాట్ ఈఎక్స్‌ఈ'. అంటే మారువేషమైనా సరిగ్గా వేసుకోలేదన్నమాట. దేశం తరఫున వెళ్లినవాడు తొండిలోనైనా కాస్త శ్రద్ధ పెట్టొద్దా?

అయినా ఒక్క కుర్రాణ్ని పట్టుకుని ఆడిపోసుకోవడం అన్యాయం. తొండి ఇప్పుడు ఒకడి కక్కుర్తి కాదు, నిక్షేపంలాంటి వ్యాపారం. పూర్వం ఇంట్లో ఉంగరం పోతే అంజనం వేసేవాడి దగ్గరికి వెళ్లేవారు. తమలపాకుకు కాటుక పూసి, ఇంట్లో చిన్నపిల్లాణ్ని కూచోబెట్టి చూడమంటే నాలుగు గోడల అవతలున్న దొంగ కూడా కనబడేవాడట. ఆ విద్య అంతరించిపోయిందని మన పెద్దలు అనవసరంగా దిగులుపడ్డారు. అది ఇప్పుడు వాల్‌హ్యాక్ అనే పేరుతో నెలవారీ చందాకు దొరుకుతోంది. గోడ వెనక ఎవడు నక్కాడు, వాడి ఒంట్లో ప్రాణం ఎంత మిగిలింది, చేతిలో ఏ తుపాకీ ఉంది, అన్నీ తెరమీద రంగు గీతల్లో కనిపిస్తాయి. తమలపాకు ఖర్చు కూడా లేదు.

ఈ దుకాణాల మర్యాద చూస్తే మన బ్యాంకులు సిగ్గుతో తల దించుకోవాలి. ఫిర్యాదు పెడితే అర్ధరాత్రి కూడా సమాధానం వస్తుంది. సరుకు ఇవాళ పట్టుబడే ప్రమాదం ఉందా లేదా అన్నది ఆకుపచ్చ, ఎరుపు గుర్తులతో ఎప్పటికప్పుడు తెలియజేస్తారు. ఒక రోజుకు, ఒక వారానికి, ఒక నెలకు వేర్వేరు ధరలు. అన్నిటికన్నా నాకు నచ్చింది 'మనిషిలా కనిపించే' సదుపాయం. ప్రతి గుండూ తలకే తగిలితే దొరికిపోతారు కదా! అందుకని మధ్యమధ్య గురి తప్పేలా, తుపాకీ కాస్త వణికేలా, ఎదుటివాణ్ని చూశాక లిప్తపాటు తటపటాయించేలా మీటలు తిప్పి సరిచేసుకోవచ్చు. మన కొనుగోలుదారు సొంతంగా ఆడితే గురి ఎటూ తప్పుతుంది, చేయి ఎటూ వణుకుతుంది. అదంతా ఊరికే వచ్చేది. డబ్బు పోసి ఆ లోపాలన్నీ యంత్రం చేత చేయించుకోవడమే నాగరికత.

ఇక దొంగల మధ్య నిజాయతీ సంగతి. తొండి సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాడికి ఉన్నంత ప్రాణభయం ఆట తయారుచేసేవాడికి కూడా ఉండదు. తన సరుకును ఎవడైనా డబ్బు కట్టకుండా వాడుకుంటాడేమో, విప్పి చూసి నకలు చేస్తాడేమో అని దానికి తాళం మీద తాళం వేస్తాడు. ఒకరికి అమ్మింది ఆ ఒక్కరి కంప్యూటర్ మీదే నడిచేలా కట్టడి చేస్తాడు. తన తొండిలో ఇంకొకడు తొండి చేయకుండా కాపలా అన్నమాట. 'ఉచిత హ్యాక్' అని ఆశపడి పైరసీ నకలు దించుకున్న పిల్లల సంగతి మరీ ఘోరం. అందులో వాల్‌హ్యాక్ ఉండదు, పాస్‌వర్డ్‌లు ఊడ్చుకుపోయే వైరస్ ఉంటుంది. గోడ అవతల చూద్దామని బయల్దేరినవాడి ఇంట్లోకే అవతలివాడు చూస్తుంటాడు.

డెస్టినీ ఆట తయారుచేసే బంగీ కంపెనీ ఎయిమ్‌జంకీస్ అనే తొండి దుకాణం మీద అమెరికాలో కేసు వేసింది. ప్రతివాదులు భయపడి చేతులు జోడిస్తారనుకుంటే మీకు ఈ వ్యాపార కులగౌరవం తెలియదన్నమాట. వాళ్లు తిరుగు దావా వేశారు. ఏమని? బంగీ తమ సాఫ్ట్‌వేర్‌ను కొని, విప్పి లోపల చూసిందట. అది తమ వినియోగ నిబంధనలకు విరుద్ధమట! పైగా తమలో ఒకడి కంప్యూటర్‌లోకి అనుమతి లేకుండా తొంగిచూసిందట. ఇతరుల కంప్యూటర్ ఆటలను విప్పి, లోపలికి తొంగిచూసి బతికేవాళ్లు 'మా ఏకాంతానికి భంగం' అని న్యాయదేవత గుమ్మంలో కన్నీరు పెట్టుకున్నారు. 2024లో జ్యూరీ బంగీ వైపే మొగ్గి 63,210 డాలర్లు ఇప్పించింది. లాయర్ల టీ ఖర్చులకు సరిపోయి ఉంటుంది.

అదే ఏడాది కాల్ ఆఫ్ డ్యూటీ ఆట వాళ్ల చేతిలో ఎంజిన్‌ఓనింగ్ అనే ఇంకో దుకాణానికి మూడింది. కోటీ 44 లక్షల డాలర్లకు పైగా కట్టాలని తీర్పు. చదవడానికి బాగుంటుంది. సముద్రాల అవతల ఉన్నవాళ్ల దగ్గర వసూలు చేసుకోవడం ఎట్లాగో తీర్పు కాగితాల్లో రాయరు. చైనా పోలీసులది మాత్రం నోటిమాట వ్యవహారం కాదు. 2021లో కున్‌షాన్ నగరంలో 'కోడికాలు' అనే ముద్దుపేరున్న ముఠాను పట్టుకున్నారు. ఖరీదైన కార్లతో కలిపి నాలుగున్నర కోట్ల డాలర్లకు పైగా ఆస్తి జప్తు చేశారు. దక్షిణ కొరియావాళ్లయితే 2016లోనే చట్టం సవరించి, తొండి సాఫ్ట్‌వేర్ తయారుచేసి పంచినవాడికి అయిదేళ్ల దాకా జైలు అన్నారు. అక్కడ ఆట అంటే అంత పట్టింపు మరి.

కోడికాలు ముఠా కార్ల వరస ఫొటోలు చూసినప్పుడు నాకు ముఠా మీద కోపం రాలేదు. ఆ కార్లకు పెట్రోలు పోయించిన మహానుభావుల మీద గౌరవం కలిగింది. జూదంలో తొండి చేసేవాడికి డబ్బు వస్తుంది. పరీక్షలో కాపీ కొట్టేవాడికి సర్టిఫికెట్ వస్తుంది. ఇక్కడ వందకు తొంభై మంది ఆడేది పైసా బహుమతి లేని ఆట. పేరు పక్కన ఒక రంగు బొమ్మ కోసం, ముక్కూమొహం తెలియని పదిమంది చేత 'అబ్బా' అనిపించుకోవడం కోసం నెలనెలా కప్పం కట్టి, ఆడే పని యంత్రానికి అప్పగించి, తాను పక్కన కూర్చుని తన విజయాన్ని తానే తిలకిస్తాడు. సినిమాకు వెళ్తే ఇంతకన్నా చవక. అక్కడ హీరో కూడా కాస్త నటిస్తాడు.

సరే, దొంగల భాగోతం ఇది. కాపలావాళ్ల సంగతికొద్దాం.

వాల్వ్ అనే ఆటల కంపెనీ 2002లో వ్యాక్ అనే కాపలాదారుణ్ని దింపింది. పాపం సాధు జీవి. ఆట ఆడుతున్నంతసేపే మేలుకుని, మిగతా సాఫ్ట్‌వేర్ల మధ్య తానూ ఒకడిగా తిరుగుతూ, దొంగను చూసినా వెంటనే అరవక, కొన్నాళ్లు ఆగి అందరినీ కట్టగట్టి బయటికి నెట్టేవాడు. దొంగలు త్వరలోనే ఒక లోపం కనిపెట్టారు. కంప్యూటర్లో కెర్నల్ అనే అట్టడుగు అంతస్తు ఉంటుంది. మెమరీ, డిస్కు, కీబోర్డు, అన్నిటి మీదా పెత్తనం దానిదే. పైఅంతస్తులో తిరిగే కాపలాదారుకు కింద ఏం జరుగుతోందో కనపడదు. దొంగలు కిందికి దిగారు. అప్పుడు కాపలావాళ్లూ కిందికి దిగారు. 2020లో వాలరెంట్ ఆటతో పాటు రయట్ కంపెనీ వదిలిన వ్యాన్‌గార్డ్ ఇంకో అడుగు వేసింది. మీరు ఆట తెరిచినా తెరవకపోయినా, కంప్యూటర్ కళ్లు తెరిచిన క్షణం నుంచే అది కూడా కళ్లు తెరుస్తుంది. నాన్నగారు జీఎస్టీ రిటర్ను దాఖలు చేసుకుంటున్నప్పుడూ, అక్కయ్య పెళ్లి సంబంధాల ఫొటోలు చూస్తున్నప్పుడూ అది కెర్నల్లో కాలు మీద కాలేసుకుని కూర్చునే ఉంటుంది. వద్దనుకుంటే ఆపుకోవచ్చు, స్వేచ్ఛకు లోటు లేదు. మళ్లీ ఆడాలంటే మాత్రం కంప్యూటర్ మొత్తం ఆర్పి వెలిగించాలి.

కొత్త ఉద్యోగంలో ఉత్సాహం ఎక్కువ కదా. మొదటి వారాల్లో వ్యాన్‌గార్డ్ దొంగలనే కాదు, కంప్యూటర్ వేడిని కొలిచే, ఫ్యాన్ వేగాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్లను కూడా అనుమానించి పక్కకు నెట్టింది. హైదరాబాదు మే నెలలో కంప్యూటర్ ఫ్యాన్ ఆగితే ఏమవుతుందో కాలిఫోర్నియాలో కూర్చున్నవాళ్లకు తెలియదు లెండి. గగ్గోలు పుట్టాక సర్దుకున్నారు. వ్యాన్‌గార్డ్‌లో కన్నం కనిపెట్టినవాళ్లకు లక్ష డాలర్ల దాకా బహుమానం అని కూడా ప్రకటించారు. అది నిజంగానే మంచి పని, ఒప్పుకుంటాను. మా ఇంటి తాళం మీదా ఇలాంటి బహుమానం పెట్టాలని ఉంది, లక్ష డాలర్లు దొరకట్లేదు.

కాపలావాణ్ని నమ్మి తాళాలిస్తే ఏమవుతుందో అంతకు ఏడేళ్ల ముందే ఒక కథ నడిచింది. అమెరికాలో ఈఎస్ఈఏ అని కౌంటర్-స్ట్రైక్ పోటీల సంస్థ. 'మా దగ్గర ఆడాలంటే మా తొండి నిరోధక సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాల్సిందే' అంది. నిజాయతీపరులు పెట్టుకున్నారు. 2013 ఏప్రిల్లో వాళ్ల కంప్యూటర్లు ఊరికే వేడెక్కడం, గ్రాఫిక్స్ కార్డులు మూలగడం మొదలైంది. ఆరా తీస్తే కాపలావాడు వాళ్ల కంప్యూటర్లతో గుట్టుచప్పుడు కాకుండా బిట్‌కాయిన్లు తవ్విస్తున్నాడు! ఒక ఉద్యోగి చేసిన పని అని సంస్థ చెప్పుకుంది. న్యూజెర్సీ ప్రభుత్వ లెక్క ప్రకారం 14 వేల కంప్యూటర్లు ఆ గనిలో కూలికి వెళ్లాయి. గిట్టిందేమో మూడున్నర వేల డాలర్లకు కాస్త అటూ ఇటూ. రాజీ ఒప్పందం పది లక్షల డాలర్లకు కుదిరింది. తొండిగాళ్ల కంప్యూటర్లు మాత్రం ఆ రోజుల్లో చల్లగా ఉన్నాయి. వాళ్లు ఆ సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్తే కదా!

2022లో ఇంకో ముచ్చట. గెన్షిన్ ఇంపాక్ట్ అని చైనా ఆట, తుపాకులాట కాదు గానీ కాపలా పద్ధతి అదే. దాని తొండి నిరోధక డ్రైవరుకు చక్కని డిజిటల్ సంతకం ఉంది, కెర్నల్లో కూర్చునే హక్కు ఉంది. ఒక దోపిడీ ముఠా ఆ డ్రైవరు ఫైలు ఒక్కటీ తీసి బాధితుల కంప్యూటర్లో పెట్టి, దాని చేతే యాంటీవైరస్ పీక నొక్కించి, ఆ తర్వాత ఫైళ్లన్నీ బందీ చేసి డబ్బు అడిగింది. ట్రెండ్ మైక్రో అనే భద్రతా కంపెనీ పరిశోధకులు బయటపెట్టిన వివరం ఏమిటంటే, బాధితుడు ఆ ఆట ఎప్పుడూ ఆడి ఉండక్కర్లేదు, అసలు పేరు విని ఉండక్కర్లేదు. ఎవరి ఇంటికో పెట్టిన కాపలావాడు మన ఇంటికొచ్చి తలుపు తీసి, దొంగలను లోపలికి పంపడమంటే ఇదే.

కెర్నల్లో కాలు జారితే ఏమవుతుందని అడుగుతారా? ఆటగాళ్లను కాదు, 2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో నిలబడ్డవాళ్లను అడగండి. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ ప్రపంచం మీద 85 లక్షల విండోస్ యంత్రాలను నీలి తెర మీద నిలబెట్టింది. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు బాల్‌పెన్నుతో రాసిచ్చారు. దానికీ ఆటలకూ సంబంధం లేదు, నిజమే. కానీ ఆ సాఫ్ట్‌వేర్ కూర్చున్నదీ అదే అంతస్తులో. బ్యాంకుల, విమానాల భద్రత కోసం పెట్టిన తలుపు అది. మన పదిహేనేళ్ల చిన్నోడు ఆ తలుపు తాళంచెవిని ఒక ఆట కోసం 'ఐ అగ్రీ' అని నొక్కి ఇచ్చేశాడు. నిబంధనలు చదివాడా అని అడగకండి, మనమూ చదవలేదు.

ఇప్పుడు పోటీ ఇంకా కిందికి దిగింది. 2025 ఆగస్టులో బాటిల్‌ఫీల్డ్ 6 అనే కొత్త ఆట రుచి చూపించే రోజుల్లో ఆటలోకి రావాలంటే కంప్యూటర్ బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ అనే రక్షణ పెట్టుకుని రమ్మన్నారు. తుపాకీ పేల్చడానికి ముందు మదర్‌బోర్డు శాస్త్రంలో పట్టా పుచ్చుకోవాలన్నమాట. పెట్టుకోలేనివాళ్లు, పాత యంత్రం ఉన్నవాళ్లు గుమ్మం బయటే నిలబడ్డారు. ఇంత చేశాక కంపెనీ గర్వంగా చెప్పిన లెక్క, మొదటి రెండు రోజుల్లో 3 లక్షల 30 వేల తొండి ప్రయత్నాలను అడ్డుకున్నామని. ఆ రెండు రోజుల్లోనే తొండిగాళ్ల వీడియోలు కూడా వచ్చేశాయి.

ఎలా వచ్చాయంటారా? దొంగ ఇప్పుడు కెర్నల్లో లేడు. అసలు ఆ కంప్యూటర్లోనే లేడు. మదర్‌బోర్డు మీద ఒక చిన్న కార్డు గుచ్చుతాడు. 'నేను అమాయకపు నెట్‌వర్క్ కార్డును' అని అది చెప్పుకుంటుంది. ఆట మెమరీని నేరుగా చదివి, పక్క బల్ల మీదున్న రెండో కంప్యూటర్‌కు పంపుతుంది. అంజనం అక్కడ వేస్తారు. మొదటి కంప్యూటర్లో కాపలావాడు మూలమూలా వెతికి, 'ఇక్కడెవరూ లేరు' అని సంతృప్తిగా సంతకం పెడతాడు. ఆ కార్డుకూ, రెండో కంప్యూటర్‌కూ, నెల చందాకూ అయిన ఖర్చుతో మా వైపు ఒక ఆటో కొనుక్కుని గౌరవంగా బతకొచ్చు.

ఇంతకీ అంజనంలో శత్రువు ఎందుకు కనిపిస్తాడు? ఈ ప్రశ్న అడిగితే కంపెనీలకు దగ్గు వస్తుంది. గోడ వెనక ఉన్నవాడు ఎక్కడున్నాడో మీ కంప్యూటర్‌కు చెప్పేది కంపెనీ సర్వరే! వాడు మూల తిరిగి మీ ఎదుటికి వచ్చినప్పుడు బొమ్మ ఆలస్యం కాకూడదని ముందుగానే వాడి చిరునామా మీ యంత్రానికి అందజేస్తుంది. చూపించొద్దు అని మాత్రమే చెబుతుంది. జవాబు పత్రాలు ముందు రోజే విద్యార్థి ఇంటికి పంపి, 'సోదరా, తెరవకు' అని చీటీ అంటించడం ఇది. తెరిచాడో లేదో చూడటానికి విద్యార్థి ఇంట్లో, పడకగదిలో ఒక మనిషిని కాపురం పెట్టడం తర్వాతి అంకం. ఏ చిరునామా ఎప్పుడు పంపాలో సర్వరే లెక్కగట్టి, కనబడబోయే లిప్త దాకా అట్టిపెట్టుకోవచ్చు. వాలరెంట్‌లో ఆ పద్ధతి చాలావరకు చేసి చూపించారు కూడా. దానికి సర్వర్ల మీద, లెక్కల మీద డబ్బు పెట్టాలి. నా యంత్రం మీద పెత్తనం చేయడానికైతే అంత ఖర్చు లేదు. కరెంటు బిల్లు కూడా నాదే.

లెక్కల విషయంలో మాత్రం కంపెనీలను మెచ్చుకోవాలి. మన దేశంలో పబ్‌జీ మొబైల్ పోయి బీజీఎంఐగా తిరిగొచ్చిన 2021లో, అక్టోబరు మొదటి నుంచి నవంబరు పదో తేదీ దాకా 25 లక్షలకు పైగా ఖాతాలను శాశ్వతంగా నిషేధించామని ఆ ఆట కంపెనీ క్రాఫ్టన్ ప్రకటించింది. నలభై రోజుల్లో 25 లక్షలు! ఊరికి ఊరే ఖాళీ అయిపోయినట్టుంది కదూ? కంగారు పడకండి. ఖాతా ఉచితం. పొద్దున శాశ్వతంగా చచ్చినవాడు కాఫీ తాగి ఇంకో మెయిల్ ఐడీతో పుట్టొచ్చు. ఖాతాలను చంపితే లాభం లేదని ఆ డిసెంబరు నుంచి ఫోన్లనే నిషేధిస్తామన్నారు. ఫోన్ గుర్తింపును మార్చి చూపించే సరుకు అంజనం దుకాణాల్లో పక్క అరలోనే దొరుకుతుంది. నిషేధానికి ముందు ఒక సరుకు, నిషేధానికి తర్వాత ఒక సరుకు. కాపలావాడు లాఠీ ఝుళిపించిన ప్రతిసారీ దుకాణంలో గంట మోగుతుంది.

ఈ దొంగా పోలీసు ఆటలో అసలు ఆడేవాడు ఏమయ్యాడో ఎవరూ అడగరు. 2016లో కొరియాలో గెగురి అనే టీనేజీ అమ్మాయి ఓవర్‌వాచ్ ఆటలో జార్యా పాత్రతో అద్భుతంగా ఆడింది. ఎదుటి జట్టు మగధీరులకు అది మింగుడు పడలేదు. ఎయిమ్‌బాట్ వాడుతోందన్నారు. ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్లు ఆమె నిర్దోషి అని తేలితే ఆట వదిలేస్తామని శపథం చేశారు. సాఫ్ట్‌వేర్ ఏ తప్పూ పట్టలేదు, కంపెనీ ఏ నిషేధమూ వేయలేదు. అయినా ఆ పిల్ల మొహానికి మాస్కు పెట్టుకుని స్టూడియోకి వెళ్లి, మౌసు పట్టుకున్న చేతి మీద కెమెరా పెట్టించుకుని, అందరి ముందూ ప్రత్యక్ష ప్రసారంలో ఆడి చూపించాల్సి వచ్చింది. చూశాక నోళ్లు మూతపడ్డాయి. శపథం చేసినవాళ్లు మాట మీద నిలబడి తప్పుకున్నారు. రెండేళ్లకు ఆమె ఓవర్‌వాచ్ లీగ్‌లో ఆడిన మొదటి మహిళ అయింది. ఎయిమ్‌బాట్ కొన్నవాడికి ఎవడూ చేతి మీద కెమెరా పెట్టమనడు. బాగా ఆడటం నేర్చుకున్నవాళ్లకే ఆ అగ్నిపరీక్ష.

మన గల్లీల్లోనూ ఇదే రాజ్యాంగం. రాత్రి పదకొండింటికి ఏ అపార్టుమెంటు కింద నిలబడ్డా పైనుంచి వినపడుతుంది, 'అరేయ్ మామా, వాడు పక్కా హ్యాకర్‌రా! రిపోర్ట్ కొట్టు, రిపోర్ట్ కొట్టు!' అని. ఓడిన ప్రతివాడికీ ఎదుటివాడు హ్యాకరే. గెలిచిన ప్రతివాడికీ ఎదుటివాడు నూబే, అంటే ఆట రానివాడే. ఒకడు పదేళ్లు మౌసు అరగదీసి సాధించిన గురిని ఒప్పుకోవడం కన్నా, వాడు నెలకింత కట్టి కొనుక్కున్నాడని అనుకోవడం ప్రాణానికి హాయి. తొండి పరిశ్రమ మనకు చేసిన గొప్ప మేలు ఇదే. ఓటమికి శాశ్వతమైన కారణం ఒకటి దొరికింది.

సాఫ్ట్‌వేర్ తెలియని పెద్దమనుషులు మాత్రం పరిశుద్ధులని అనుకునేరు! 2020 సెప్టెంబరులో ఒక్క దెబ్బకు 37 మంది కౌంటర్-స్ట్రైక్ కోచ్‌లను నిషేధించారు. వాళ్లు ఏ దుకాణానికీ వెళ్లలేదు, పైసా కట్టలేదు. ఆటలోనే ఉన్న ఒక పొరపాటు వల్ల కోచ్ కెమెరా మైదానంలో ఒకచోట ఇరుక్కుపోయి, అక్కడి ఎదుటి జట్టు కదలికలు కనిపించేవి. పిల్లలకు నీతి, క్రమశిక్షణ నేర్పవలసిన గురువులు అది చూసి నిర్వాహకులకు చెప్పకుండా నోరు మూసుకుని, కళ్లు మాత్రం తెరుచుకున్నారు. గురుదక్షిణగా నెలల నిషేధాలు అందుకున్నారు.

2024 మార్చిలో అపెక్స్ లెజెండ్స్ అనే ఆట ఉత్తర అమెరికా ఫైనల్స్‌లో జరిగినదానికి మాత్రం ఏ పురాణంలోనూ సామ్యం లేదు. పోటీ నడుస్తుండగా జెన్‌బర్టెన్ అనే ఆటగాడి తెర మీద తొండి మెనూ దానంతటదే తెరుచుకుంది. గోడల అవతలి శత్రువులంతా కనపడసాగారు. పాపం అతను అడగలేదు, కొనలేదు. 'నన్ను హ్యాక్ చేస్తున్నారు' అని మొత్తుకుని ఆట వదిలి బయటికొచ్చాడు. తర్వాతి ఆటలో ఇంపీరియల్‌హాల్ అనే మేటి ఆటగాడి చేతిలో ఎయిమ్‌బాట్ వచ్చి పడింది. జనమంతా చూస్తుండగా ఎవడో ఆకతాయి మేటి ఆటగాళ్ల యంత్రాల్లో దూరి తొండిని ఉచితంగా ఇంటికే చేర్చాడు. ఆ ఆటకూ కెర్నల్ కాపలా ఉంది. కాపలావాణ్ని తయారుచేసినవాళ్లు లోపం తమలో లేదన్నారు. ఫైనల్స్ వాయిదా పడ్డాయి. దొంగసొత్తు వద్దు మొర్రో అన్నవాడి జేబులో కుక్కి, తనిఖీ చేసేవాడు మాత్రం గుర్రుపెట్టి నిద్రపోతే ఇక ఎవణ్ని పట్టుకుంటారు?

ఇన్ని కాపలాలలో నాకు మనసారా నవ్వు తెప్పించింది కాల్ ఆఫ్ డ్యూటీ వాళ్ల రికోషే ఒక్కటే. వాళ్లు దొంగను వెంటనే బయటికి తోయరు, కాసేపు ఆడుకుంటారు. తొండిగాడు కాల్చిన గుండ్లకు శక్తి లేకుండా చేస్తారు. మిగతా ఆటగాళ్లను వాడి కళ్లకు కనపడకుండా మాయం చేస్తారు. ఒక్కోసారి చేతిలో తుపాకీ ఊడగొడతారు. లేని మనుషులను సృష్టించి వాడి అంజనంలో మాత్రమే కనపడేలా చేస్తారు, వాడు గాలిని కాలుస్తూ తిరుగుతాడు. 2023లో కనిపెట్టిన శిక్ష ఇంకా ఘనం. విమానం నుంచి దూకిన తొండిగాడి పారాచూట్ తెరుచుకోకుండా చేస్తారు. ఎయిమ్‌బాట్‌తో సహా నేల మీద పచ్చడి. దీన్ని తయారుచేసిన ఇంజనీరు చిన్నప్పుడు గోళీలాటలో తొండికి బలైనవాడే అయ్యుంటాడని నా గట్టి నమ్మకం.

మన పార్లమెంటు 2025 ఆగస్టులో ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడగా గుర్తిస్తూ చట్టం చేసింది. రేపు పతకాలొస్తాయి, కోటాలొస్తాయి, కోచింగ్ సెంటర్లు ఎటూ వస్తాయి. అమీర్‌పేటలో 'ఎయిమ్ శిక్షణ, నూటికి నూరు శాతం హెడ్‌షాట్ గ్యారంటీ' అని బోర్డు లేవడానికి ఎంతో కాలం పట్టదు. గ్యారంటీ ఇచ్చేవాడి దగ్గర శిక్షణ ఉంటుందో, పెన్‌డ్రైవ్ ఉంటుందో తల్లిదండ్రులు ముందే కనుక్కోవాలి.

శిక్షల విషయంలో నేను మాత్రం టైటాన్‌ఫాల్ ఆట వాళ్ల మార్గమే మేలంటాను. 2014లో వాళ్లు తొండిగాళ్లను ఆట నుంచి గెంటేయలేదు. అందరినీ ఏరి ఒకే కొట్టంలో పడేసి, మీలో మీరు కొట్టుకు చావండన్నారు. ఆ కొట్టం ఇప్పుడు తెరిస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో! అందరికీ గోడల అవతల కనపడుతుంది కాబట్టి దాక్కునేవాడు ఉండడు. అందరి గురీ తలకే కాబట్టి యుద్ధం సెకనులో తేలిపోతుంది. గెలిచినవాడి యంత్రానికీ, ఓడినవాడి యంత్రానికీ తేడా చందా స్థాయిలోనే. యజమానులు ఇద్దరూ లేచి వెళ్లి భోంచేసి రావొచ్చు. తిరిగొచ్చాక ఓడినవాడు మొదట రిపోర్ట్ బటన్ నొక్కుతాడు, ఎదుటివాడు హ్యాకర్ అని. ఆ తర్వాత దుకాణంవాడికి ఘాటుగా ఒక ఫిర్యాదు రాస్తాడు, సరుకు నాసిరకంగా ఉంది, నెల చందా వాపసు ఇస్తారా వినియోగదారుల ఫోరానికి వెళ్లమంటారా అని.